పద్నాలుగో నాటి రొట్టె

రోములో నేతపని చేసుకునే తతియాది సముద్రం అవతలి స్మిర్నా పట్టణం. యేసు చనిపోయిన రోజని అక్కడి క్రైస్తవుల్లాగే, ఏ వారమైనా సరే, సాయంత్రంతో రోజు మొదలయ్యే యూదుల చంద్ర లెక్కన వసంత నెల పద్నాలుగో నాడే పస్కా పండగ ఉపవాసం విడిచేది. రోము సంఘం ఆదివారమే పండగ చేసినా, ఏటా ఆ రోజున అలాంటి ఇళ్లకు, మీరూ మావాళ్లేనన్న గుర్తుగా, ప్రభుబల్ల రొట్టె పంపేది. మోసుకొచ్చేది తతియా అన్న జోతికోస్. చంద్రుడి రోజుల్ని వేళ్లమీద లెక్కపెట్టడం ఆమెకు నేర్పింది అతనే.

ఈ ఏడు వట్టి చేతులతో వచ్చాడు.

“రొట్టేదన్నా?”

“పద్నాలుగు పాటించేవాళ్లను వెలేశారు. నువ్వూ ఆదివారానికి మారిపోవే. నేను మారలేదూ?”

“నా పేరు వాళ్లకెవరిచ్చారు?”

జోతికోస్ గడ్డం గోక్కున్నాడు. “ఇళ్లు తెలిసింది రొట్టె మోసే నాకొక్కడికే. ఇవాళ పొద్దున కొత్త పెద్దలు అడిగారు, చెప్పాను.”

“యేసును ఆయన శిష్యుడే శత్రువులకు అప్పగించింది కూడా పద్నాలుగో నాడే,” అంది తతియా. “ఆదివారం వైపు దూకావు గానీ, రోజు మాత్రం తప్పలేదన్నా.”