జాబిల్లిగారు పుట్టించిన మాట

నక్షత్రశాలలో వ్యాఖ్యానం చెప్పే ఆయన్ని తోటివాళ్ళు జాబిల్లిగారు అనేవారు. టికెట్ల గదిలో చేరి, గొంతు బాగుందని మైకు దాకా ఎదిగిన మనిషి. గుమ్మటం కింద దీపాలారి, పైన చంద్రబింబం వెలగగానే చెలరేగిపోయేవాడు. లాటిన్‌వాళ్ళ లూనాకి మూలం వెలుగు, ఇంగ్లీషు మూన్‌కి మూలం కొలత, మన నెల అన్నది ఒకప్పుడు చంద్రుడికీ పేరే... ఇవన్నీ నిజాలే. వాటితో ఊరుకునుంటే ఈ కథే లేదు.

ఒకనాడు చప్పట్లు పలచబడ్డాయి. జాబిల్లిగారికి అది పడదు. నోటికొచ్చిన శబ్దమొకటి పలికి, పేరు మాత్రమే విన్న ఓ కొండభాషలో చంద్రుణ్ణి అలాగే అంటారని అంటగట్టాడు. ఇంటికి దారి చూపేవాడని అర్థం కూడా తనే అల్లాడు. హాలు మారుమోగింది. అప్పట్నుంచి ప్రతి ఆటలోనూ అదే మాట. "ఎక్కడ దొరుకుతాయండీ ఇవన్నీ?" అని భార్య మురిసిపోతే కాదనలేదు సరికదా, మీసం దువ్వుకున్నాడు.

ఓ మధ్యాహ్నం ఆట అయ్యాక, ముందు వరసలో కూర్చున్న ఒకావిడ ఆయన్ని పిలిచి పక్కనున్న ముసలావిడని చూపించింది.

"మా అమ్మండీ. ఆ కొండభాష ఈవిడదే. మా ఇంట్లో ఇంకెవరికీ రాదు. పోయినసారి మీరు చెప్పిన మాట మా పిల్లలకి నేర్పించాను."

జాబిల్లిగారు ముసలావిడకేసి చూశాడు. "అమ్మగారు కూడా... అదే మాట అనేవారా?"

"లేదండీ, ఇంకేదో అనేది. చదువుకున్నాయన మైకులో చెప్పాడు, నువ్వే మర్చిపోయుంటావులే అన్నాను. ఇక అనడం మానేసింది పాపం" అని నవ్వింది కూతురు.

ఆయనకి తల కొట్టేసినట్టయింది. తనూ నవ్వేసి పంపించేయొచ్చు, ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకు ఇంకా సిగ్గేసింది. ముసలావిడ ముందు నేలమీద చతికిలబడ్డాడు.

"అమ్మా, అది నేను కల్పించిన మాట. మీదే అసలైంది. ఒక్కసారి చెప్పండి, ఇకమీద అందరికీ అదే చెప్తాను."

కూతురి నవ్వు ఆగిపోయింది. ముసలావిడ కళ్ళు మూసుకుంది. పెదవులు కదిపింది, కాదన్నట్టు తలూపింది, మళ్ళీ కదిపింది. చివరికి కళ్ళు తెరిచి, తప్పంతా తనదే అయినట్టు ఆయనకేసి చూసింది.

"ఏమనుకోకు నాయనా" అంది. "ఎంత తలుచుకున్నా నీ మాటే వస్తోంది."