కర్రతో పాటు దిగిన కొంగు

మాది టేకల్ దగ్గర పల్లె. టమాటా తోటలో మొక్కలకు ఊతంగా కర్రలు పాతీ పాతీ నా భుజం నొప్పి పుట్టేది. అందుకని ఒక కొన మూసి, రెండు పిడులు పెట్టిన ఇనుప గొట్టం ఊహించి, కేజీఎఫ్ వెల్డర్ దాసుతో చేయించాను. కర్రకు తొడిగి, ఎత్తి దించితే చాలు, కర్ర నేలలోకి దిగుతుంది.

ఊరందరికీ చూపించే రోజు పట్టుచీర కట్టుకున్నాను. ఉత్సాహంగా నాలుగు దెబ్బలు ఎక్కువే వేశాను. వంగినదాన్ని లేవబోతే లేవలేకపోయాను. కర్ర మొన కింద పడిన కొంగు భూమిలోకి దిగిపోయింది!

"పీకే పనిముట్టు యాడ ఉండాదక్కా?" అన్నాడు దాసు.

"అది ఇంగా చేయలేదప్పా!"

మా ఆడబిడ్డ కొడవలి తెచ్చింది.

"పట్టుచీరమ్మా, ముట్టొద్దు!" అని అరిచాను.

సిగ్గుతో చస్తూనే, వంగిన చోటే మట్టిలో వేలితో, కర్రను పైకి పీకే మీట బొమ్మ గీశాను. దాసు టేపు తీశాడు.

"కదలొద్దక్కా, కొలత తీసుకుంటా."

చివరికి గడ్డపారతో తవ్వి నన్ను విడిపించారు. తర్వాత దాసు చేసిన ఆ మీట ఇప్పుడు పక్క ఊళ్ల తోటల్లోనూ తిరుగుతోంది. ఈ ఆలోచన ఎట్లా తట్టిందని అక్కడివాళ్లు అడిగితే మాట మారుస్తాను. మీకే చెబుతున్నాను.