బిరడాకు చుట్టిన ఎర్రదారం

మా రెంజల్ వైపు ఊళ్లలో హరినామ సప్తాహం మొదలైతే ఏడు రోజులూ వీణను నేలమీద పెట్టరు. మెడలో తులసిమాల ఉన్నవాళ్లు వంతులవారీగా దాన్ని భుజాన వేసుకొని, నిలబడి నామం చెప్పాలి. తరువాతివాడు చేతుల్లోకి తీసుకునేదాకా కదలకూడదు. అరవైల్లో ఒక ఏడు సప్తాహం చెరుకు కోతల్లో వచ్చి, వంతులకు మనుషులు తక్కువ పడ్డారు. నాకు ఇరవై నిండలేదు. మా తల్లి, మేము అవ్వ అనేవాళ్లం, వారం నుంచి జ్వరంతో మంచంలో ఉంది.

మూడో రోజు మధ్యాహ్నం నా వంతు. పక్కన తాళాలు వేస్తూ, మాకు గ్రంథం చదవడం నేర్పిన పెద్దాయన ఒక్కడే ఉన్నాడు. మనసు ఒక్కచోట నిలవడమే భక్తి అని ఆయన దగ్గరే విన్నాను. ఆయన వంతు పొద్దున్నే అయిపోయింది, పైగా మోకాళ్ల నొప్పులు. నా తరువాతివాడు చెరుకు బండితో బోధన్ పోయి ఫ్యాక్టరీ కాంటా ముందు వరుసలో ఆగిపోయాడు.

అక్క గడప దగ్గరికి వచ్చింది.

"తమ్మీ, అవ్వకు దమ్ము అందుతలేదు. నిన్నే అడుగుతున్నది, జల్ది రా."

నామం ఆపకుండానే వీణ వైపు చూపించాను.

"గట్లనే పట్టుకొని నిలవడు! అవ్వ పోయినంక వస్తవా?" అని వెళ్లిపోయింది.

నామం తప్పితే అవ్వ దక్కదనిపించింది. వీణ తీగ బిగించే బిరడాకు ఎవరో చుట్టిన ఎర్రదారం మీద నా చూపు పడింది. ఇక అక్కడి నుంచి కదలలేదు. నోరు మాత్రం చెబుతూనే ఉంది.

పొద్దు వాలాక నా తరువాతివాడు వచ్చాడు, బట్టల నిండా చెరుకాకు.

"కాంటా కాడ బండ్లు కదిల్తెనా! ఆగు, తానం చేసొస్త."

నేను ఇల్లు చేరేసరికి అక్క అవ్వ కళ్లు మూసేసి కూర్చుంది. నన్ను చూసి లేవలేదు.

పదకొండో రోజు భజన వాళ్లంతా మా ఇంటికి వచ్చారు. పెద్దాయన అందరి ముందూ అన్నాడు: "మనం నామం చెప్తం. గీడు నామంల మునిగిండు. వీళ్లక్క పిలిసి ఎల్లిపోయినంక, వీణె నాకియ్యిరా అని రెండుసార్లు చేతులు సాపిన. కండ్లు తెరిసే ఉన్నయ్, నన్ను సూడనే లేదు. భక్తంటే గది!"

ముసలివాళ్లు నాకు చేతులు జోడించారు. అక్క నా ముఖంలోకి చూసింది. నేను తల దించుకున్నాను. వినయమనుకున్నారు.

నేను మునిగింది నామంలో కాదు, భయంలో. భయం కూడా భక్తిలాగే మనసును ఒక్కచోట మేకు కొట్టి నిలబెడుతుందని, బయటివాళ్లకు తేడా తెలియదని నాకెవరూ చెప్పలేదు. దేవుణ్ణి ఏనాడూ అనుమానించలేదు. నా ఏకాగ్రతను మాత్రం ఆనాటి నుంచి నమ్మలేదు.

చాచిన ఆ రెండు చేతులను ఒక్కసారైనా గుర్తు తెచ్చుకోవాలని ఎన్నోసార్లు కళ్లు మూసుకున్నాను. ఎర్రదారమే కనిపిస్తుంది.