పగలు నిద్రపోయే వీధి

నిన్న మధ్యాహ్నం పైవాటాలో ఎవరో స్టీలు గిన్నె జారవిడిచారు. అది గింగిరాలు తిరిగి ఆగేదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. విశాఖపట్నంలో స్థిరపడి ఇన్నేళ్ళయినా, పగటిపూట చప్పుడైతే నాకు పైడమ్మత్తే గుర్తొస్తుంది.

డెబ్బైల చివర్లో, పెళ్ళయిన నెలకే, పార్వతీపురం దగ్గరి మా పల్లె నుంచి జంషెడ్‌పూర్ వచ్చాను. గోల్‌మురిలో మా ఆయన పనిచేసే ఫ్యాక్టరీ వాళ్ళ క్వార్టరు. వెడల్పాటి రోడ్లనూ, తిప్పగానే నీళ్ళొచ్చే కుళాయినీ చూసి మురిసిపోవడం రెండు రోజుల ముచ్చటే అయింది. మా ఊళ్ళో పగలు తలుపు వేశారంటే ఆ ఇంట్లో కీడు జరిగినట్టో, వీధితో మాటలు లేనట్టో లెక్క. ఇక్కడ పట్టపగలే వీధి వీధంతా తలుపులు బిగించుకునేది. నేనంటే ఎవరికీ గిట్టడం లేదని తేల్చేసుకుని, వచ్చి తీసుకెళ్ళిపొమ్మని నాన్నకు ఉత్తరం రాసేశాను.

ఈలోగా శ్రావణ శుక్రవారం వచ్చింది. పండగపూట ఊరుకోవడానికి మనసొప్పక, కుంకుమ భరిణె పట్టుకుని పన్నెండు గంటల వేళ పేరంటానికి పిలవబోయాను. మూడో ఇంటి గొళ్ళెం గట్టిగా ఆడించేసరికి ఎర్రటి కళ్ళతో ఒకాయన బయటికొచ్చి, "క్యా హై?" అని అరిచి, ధడాలున తలుపేసుకున్నాడు. నడివీధిలో ఏడుపు ముంచుకొచ్చింది. మా వైపు నుంచే వచ్చి మా పక్క క్వార్టరులో ఇరవయ్యేళ్ళుగా ఉంటున్న పైడమ్మత్త వచ్చి, నా రెక్క పట్టుకుని తన ఇంట్లోకి లాక్కుపోయింది.

"ఏటే గుంటా, రాత్రి డూటీ సేసొచ్చి తొంగున్నోడిని లేపీసినావు! గోడకి సైకిలుంటే మనిషి ఇంట్లో ఉన్నట్టే. అది సూసుకోవా?"

"ఎవులూ సెప్పలేదత్తా."

"నాను సెప్తన్నాను కదా. నాలుగ్గంటలకి ఈళ్ళు లెగిసి టీ తాగుతారు. అప్పుడు సూడు, నీ గుమ్మంలో నిలబడ్డానికి సోటుండదు."

ఆమె అన్నట్టే అయింది. ఆ ఎర్రకళ్ళాయన భార్య అందరికన్నా ముందొచ్చి, నాతోపాటు కూర్చుని వాయనాలు సర్దింది.

ఆ తర్వాత అత్త నాకు ఆ ఊరి కాపురం నేర్పింది. గిన్నెలు గోనెసంచి పరిచి తోముకోవాలి. రోటిపని సాయంత్రానికి ఆపుకోవాలి. ఏం కూర వండావన్న ప్రశ్న కూడా గోడ మీంచి సైగలతోనే. మా పల్లెలో కేకేసి పిలిస్తేనే ఆప్యాయత. ఇక్కడ చప్పుడు చేయకుండా ఉండటంలోనూ అంత ప్రేమా ఉందని ఆమెను చూశాకే నాకు అర్థమైంది. సాయంత్రమయ్యేసరికి అత్త గొంతు మాత్రం నాలుగు వీధులకు వినిపించేది, అది వేరే సంగతి.

ఉత్తరం అందుకుని నాన్న రానే వచ్చారు. మిట్టమధ్యాహ్నం వీధి మొదట్లోంచే, "అమ్మీ! నీ ఇల్లెక్కడే?" అని పొలంగట్టు మీద పిలిచినట్టు కేకేశారు. నేను చెప్పుల్లేకుండా పరిగెత్తాను.

"నాన్నా, సిన్నగా! మనోళ్ళు తొంగున్నారు."

నాన్న ఆ మూసిన తలుపులన్నీ ఒకసారి చూసి, నన్ను చూసి, గొంతు తగ్గించి, "మనోళ్ళా?" అన్నారు. తలూపాను. బట్టలు సర్దుకోమని ఆయన అడగలేదు. మర్నాడు ఒక్కరే రైలెక్కారు.

పైడమ్మత్త ఇప్పుడు లేదు. ఎవరైనా నన్ను చూసి ముఖం చాటేస్తే ఇప్పటికీ నొచ్చుకుంటాను, కానీ వెంటనే కాదు. ఆ మనిషి ఎంత అలసిపోయి ఉన్నాడో అని ముందు కాస్త ఆగుతాను. ఆ కాస్త ఆగడం అత్త నాకు పెట్టిన భిక్ష.