మైనస్‌లోకి పోయిన తెలుగు

పర్చూరు పురుగుమందుల డిపోలో కంప్యూటరు ముందు కూర్చునే జయరావుకి ఉన్నదల్లా ఒకే ఒక్క గర్వం. సీ భాషలో ప్రోగ్రాం రాసి, మందు సీసాకి అంటించే చీటీని తెలుగులో అచ్చు వేయించాడు. ఒక్కో అక్షరానికీ చుక్కలు తనే పేర్చుకున్నాడు. అదంతా వాళ్ళ నాన్న కోసం. దానయ్య యాభై దాటాక చర్చి వరండాలో రెబ్కా టీచరమ్మ దగ్గర అక్షరాలు దిద్దాడు. చీటీ పట్టుకుని కూడబలుక్కుంటూ చదివి, కలెక్టరు పరీక్ష నెగ్గినంతగా మీసం దువ్వేవాడు.

గుంటూరులో సీ నేర్పిన ఇమాం హుస్సేన్ మాస్టారు ముందే హెచ్చరించారు. "ఒరేయ్, ఒక మిషన్ మీద ఆడిందని మురిసిపోకు. రేపు ఇంకో మిషన్ ఎక్కినా అట్టాగే ఆడాల. అదీ ప్రోగ్రామంటే." జయరావు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడు. పర్చూరులో ఇంకో మిషన్ ఎక్కడిది?

ఎనభై ఏడులో రానే వచ్చింది. డిపో యజమాని బాపయ్య గారు పాతది తీసేసి కొత్త పీసీ కొన్నారు. జయరావు ప్రోగ్రాం ఎక్కించాడు. ఎక్కడా తప్పు చూపించలేదు. డిపో పేరు ఇంగ్లీషులో కొట్టి చూశాడు, ముత్యాల్లా వచ్చింది. మన జయరావు అంతటితో సరిపెట్టుకుని బావమరిది పెళ్ళికి చెక్కేశాడు.

కంప్యూటరుకి ప్రతి అక్షరమూ ఒక నంబరే. ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ అన్నీ నూట ఇరవై ఏడు లోపల సర్దుకున్నాయి. తెలుగుకి ఆ పైనే చోటు దొరికింది. పాత మిషన్ ఆ నంబర్లను ఉన్నవి ఉన్నట్టే తీసుకునేది. కొత్తది నూట ఇరవై ఏడు దాటినదాన్నల్లా మైనస్ అనుకుంది. సున్నాకి కిందికి పోయి, అక్కడ ఏ చెత్త దొరికితే దాన్నే చుక్కలుగా గుద్దింది. అంకెలు మాత్రం నిక్షేపంగా పడ్డాయి. ఇంగ్లీషువాడికి తగలని దెబ్బ వెతుక్కుంటూ వచ్చి మనకే తగలాలి, అదీ మన ఖర్మ.

ఆ రోజే దానయ్య పత్తి మీద తెల్లదోమకి కొత్త మందు కొన్నాడు. రద్దీలో డిపోవాళ్ళు చీటీ చూడకుండానే అంటించి ఇచ్చారు. ఆయన చూశాడు. ఇవేవో తనకింకా నేర్పని ఒత్తులు కాబోలనుకున్నాడు. ఇన్నాళ్ళు చదువుకుని ఇప్పుడు ఒకణ్ణి అడగటం నామోషీ. పది లీటర్ల నీళ్ళకి ఇరవై మిల్లీలీటర్లు అని ఉండాల్సిన చోట ఆయనకి తెలిసినవి రెండంకెలే. పది లీటర్ల ట్యాంకుకి ఇరవై మూతలని అర్థం చేసుకుని, కౌలు చేనంతా కొట్టాడు.

రెండ్రోజుల్లో పత్తి మాడిపోయింది. పూత లేదు, పిందె లేదు.

పెళ్ళి నుంచి వచ్చిన జయరావు చేను గట్టు మీద పడున్న సీసా తీసి చీటీ చూశాడు. డిపోకి పోయి ప్రోగ్రాంలో అన్‌సైన్డ్ అని, అంటే ఇక్కడ మైనస్‌లు లేవని, ఒక్క మాట చేర్చాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, తెలుగు గుండ్రంగా వచ్చింది. ఆ చీటీ తెచ్చి నాన్న చేతిలో పెట్టాడు.

"తప్పు నాది నాన్నా. అక్షరాలు పాడుచేసింది నేను. ఇదిగో, ఇప్పుడు చదువు."

దానయ్య అటు చూడలేదు. "నన్ను ఓదార్చటానికి చెప్తన్నావులేరా. అంకెలన్నీ సరిగ్గా వేసిన మిషన్ అక్షరాలే తప్పేసిద్దా?"

జయరావు మైనస్ సంగతి మొదలుపెట్టాడు. ఆ మాటలు తన చెవికే అబద్ధంలా వినపడి ఆపేశాడు.

సాయంత్రం రెబ్కా టీచరమ్మ వాకిట్లోకి వచ్చి, బడికి రావటం లేదేమని అడిగింది.

"ఇంక రానమ్మా," అన్నాడు దానయ్య. "చదువు రానన్నాళ్ళూ నలుగుర్ని అడిగి మందు కొట్టేవాణ్ణి. చేను బాగానే ఉండేది."