పులి లేని సాక్ష్యం

రాగి గంజి కాగే వాసన తగిలితే చాలు, నోటిదాకా వచ్చిన గొప్పల కోతలు అక్కడే ఆగిపోతాయి నాకు. ఇంట్లోవాళ్లు ఈ గుట్టు కనిపెట్టి, నేను అరుగెక్కి కబుర్లు మొదలుపెట్టగానే పొయ్యి మీద గంజి పెడుతుంటారు. ఆ వాసన రత్నమ్మత్తది.

యుద్ధం రోజుల్లో నేను బెంగళూరు కంటోన్మెంటు దండులో సిపాయిలకు గుడారాలు కుట్టేవాణ్ణి. రత్నమ్మత్త మా తెలుగు సంఘం తరఫున బైబిలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగే మనిషి; చుట్టరికం లేదు, పిలుపుకే అత్త. ఆదివారం సాయంత్రం వీధి మొగలో ప్రార్థన కూటం పెట్టేవాళ్లం. దేవుడు తనకేం చేశాడో ఒక్కొక్కరే లేచి సాక్ష్యం చెప్పాలి. అత్తది మూడు ముక్కలు: "నాకు చదువు లేదు. ఆయన మాట చదవాలని నలభై ఏళ్లకు అక్షరాలు దిద్దినా. ఇప్పుడు చదువుతాండా." అంతే, కూర్చునేది. నాది అరగంట. కె.ఆర్.పురం దారిలో నాకు పులి ఎదురైంది. నేను మోకరించి ప్రార్థిస్తే తోక ముడిచి పోయింది. మొదటి వారం ఒక్క పులే. వానాకాలం వచ్చేసరికి మూడయ్యాయి. వాటిలో ఒకటి నాతోపాటు మోకరించింది కూడా.

అత్త నవ్వేది కాదు, కోప్పడేదీ కాదు. "గుడారం బాగా కుట్టినావప్పా, లోపల మనిషే లేడు," అనేది.

ఒక సోమవారం పొద్దున పూలమ్మే ముసలి మునియప్ప నా గడప ముందు కూర్చుని ఉన్నాడు. ఆయన కొడుకు బర్మాలో మిలిటరీ లారీ నడుపుతున్నాడు. ఆర్నెల్లుగా జాబు లేదు.

"నిన్న నీ మాట విన్నానప్పా. పులి ముందర ఏం చెప్పినావో అదే నాకూ నేర్పు, మావాని కోసరం చెప్పుకుంటా. ఒక్క మాటా తప్పిపోకూడదు."

సాయంత్రం చెబుతానని తప్పించుకుని అత్త దగ్గరికి పరుగెత్తాను. "ఏవో నాలుగు మంచి మాటలు చెప్పేస్తే ఆయనకు ధైర్యమే కదత్తా?"

"పిల్లోడు రాకపోతే? యాడో మాట తప్పు పలికినా, నా కొడుకును నేనే పోగొట్టుకొంటి అనుకోడా?" అత్త అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. "పా. జరిగింది చెబుదువు."

మునియప్ప ముందు కూర్చుని చెప్పాను. "పులి లేదు తాతా. నేను టైఫాయిడ్‌తో పడుంటే మావాళ్లెవరూ గడప తొక్కలేదు. ఈయమ్మ ఇరవై దినాలు గంజి తెచ్చింది. ఎందుకొస్తావమ్మా అంటే, నా కాడికీ ఒకాయన ఇట్లే వచ్చినాడనింది. ఆయనెవరో చూద్దామని ఈయమ్మ వెంట కూటానికి పోయినా. అంతే."

ఆయన పూలు కట్టే నారను వేలికి చుట్టుకున్నాడు.

"పులి లేనే లేదా?"

"లేదు."

"గంజి?"

"అది నిజం."

"అయితే సాయంత్రాలు వచ్చి కూర్చోప్పా. ఒక్కణ్ణే ఉండా."

రోజూ పోయి కూర్చున్నాను. కొడుకు రాలేదు. కొడుకు పోయాడని తంతి వచ్చిన రోజు మునియప్ప దేవుణ్ణి తిట్టాడు, మిలిటరీని తిట్టాడు. ఏ మాట తప్పు పలికానో అని మాత్రం తనను తాను తిట్టుకోలేదు. అత్త గంజి కాచింది, నేను మోసుకెళ్లాను.

అత్త పోయి చాలా ఏళ్లయింది. నా అరుగు మీద పులులు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. మొన్న ఒకటి సిటీ బస్సెక్కింది. సాక్ష్యం చెప్పమంటే మాత్రం లేచి, ఆ గంజి గిన్నె సంగతి చెప్పి కూర్చుంటాను. మూడు ముక్కలు. సాగదీద్దామన్నా సాగదు.