సాయమ్మ మొక్క, నా మొక్క: తాండూరు దాకా ఒక రోజు

నాకు మొక్కల మీద భక్తి లేదు. తాండూరు ప్రయాణం గురించి రాసిపెట్టమని అడిగినవాళ్ళంతా మా ఆయన దగ్గర చదువుకునే పిల్లలు కాబట్టి ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. మేడంగారు శాస్త్రం మీద ఆసక్తితో అంత దూరం వెళ్ళారని వాళ్ళ నమ్మకం. నేను వెళ్ళింది అసూయతో. పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఏడు మా ఆయనకి హైదరాబాదులో కాలేజీ ఉద్యోగం వచ్చింది. అప్పటినుంచి సెలవు దొరికితే చాలు వికారాబాద్, తాండూరు గుట్టలు పట్టుకుని తిరగడం, వానలు ఎగ్గొట్టే నేలల్లో బతికే మొక్కలన్నిటికీ లెక్కగా పేర్లు, కుటుంబాలు రాయడం ఆయన జీవితం. ఆయన తెస్తారు. ఆ తెచ్చినవాటికి రోజూ పాత పేపర్లు తీసి పొడి పేపర్లు మార్చేది నేను. ఎండాక దళసరి అట్ట మీద పరిచి, కాడ కదలకుండా సూదీదారంతో కుట్టి, ఆకులకి జిగురు రాసేది నేను. పద్నాలుగేళ్ళలో రెండు బీరువాలు నిండాయి. ప్రతి అట్టకీ కింద ఒక చీటీ ఉంటుంది, దాని మీద తెచ్చినవారి పేరు, ఊరి పేరు ఉంటాయి. కుట్టినవారి పేరుకి అందులో చోటు లేదు.

అదీ పోనీ అనుకున్నాను. మూడేళ్ళ క్రితం మా ఆయన ఎవరూ రాయని కొత్త మొక్క ఒకటి కనిపెట్టి, దానికి లాటిన్‌లో సాయమ్మ పేరు పెట్టి అచ్చు వేయించారు. సాయమ్మ ఎవరండీ అంటే, తాండూరు దగ్గర మేకలు కాసుకునే ఆవిడ, ఆ మొక్క ఉన్న చోటు చూపించింది, చూపించినవాళ్ళ పేరు పెట్టడం ఆచారం అన్నారు. పెరటి చెట్టు మందుకి పనికిరాదని ఊరికే అన్నారా! నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మూడేళ్ళూ ఆయన సాయమ్మ ఊసెత్తిన రోజున మా ఇంట్లో పప్పులో ఉప్పు పడలేదు. చివరికి ఈ ఏడు వానల్లో వెంపలి జాతిలో ఇంకో మొక్క దొరికింది, ఇది కూడా కొత్తదేనన్నారు. భోజనం దగ్గర నా మొహం చూసి, "వరలక్ష్మీ, ఇది నీ పేరు మీద వేస్తాను" అన్నారు. అయితే ఆయన చూసింది పువ్వే. అచ్చుకి పంపేముందు కాయ కూడా చూడాలి. ఆ మొక్క ఉన్నది సాయమ్మ మేకలు తిరిగే గుట్ట మీదేనని తెలిసింది కనక, నేనూ వస్తానన్నాను.

దీపావళి ముందు ఆదివారం బయల్దేరాం. నాంపల్లిలో పొద్దున్నే ఆరు దాటాక వాడి వైపు వెళ్ళే పాసింజరు ఉంటుంది. మూడో తరగతికి మనిషికి రెండు రూపాయల చిల్లర అయింది. కిటికీ పక్క చోటు కావాలంటే అరగంట ముందు వెళ్ళండి, బొగ్గు నలుసులు కంట్లో పడతాయి కాబట్టి ఇంజనుకి దూరంగా ఎక్కండి. శంకరపల్లి దాటాక మాగాణి పోయి కందిచేలు, జొన్నచేలు మొదలవుతాయి. తొమ్మిదింటికి వికారాబాద్‌లో బండి చాలాసేపు ఆగింది. అక్కడ ప్లాట్‌ఫారం మీద గంపల్లో సీతాఫలాలు, వేడి టీ దొరుకుతాయి. దక్షిణాన అనంతగిరి కొండలు కనిపిస్తుంటే మా ఆయన వేలితో చూపిస్తూ, "అక్కడే మొదటిసారి సాయమ్మవాళ్ళ మంద కనిపించింది" అన్నారు. సీతాఫలం తియ్యగానే ఉంది గానీ నాకు దిగలేదు.

పదిన్నరకి తాండూరులో దిగాం. స్టేషన్ బయట ఎటు చూసినా నాపబండలు పేర్చి ఉంటాయి. ఊళ్ళో అరుగులూ గోడలూ కూడా ఆ బండలే. మేం వెళ్ళాల్సింది బంట్వారం బాటలో ఆరు మైళ్ళు. బస్సు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేకపోయారు, అందుకని రానూపోనూ మూడు రూపాయలకి టాంగా మాట్లాడుకున్నాం. టాంగా నడిపే ముసలాయన మా ఆయన్ని చూడగానే సలాం పెట్టాడు.

"గీసారి బేగం సాబ్‌ను గూడ తెచ్చిండ్రు. మంచిదే. సాయమ్మ దగ్గరికే గదా?" అన్నాడు.

"నీకెలా తెలుసు?" అన్నాను నేను.

"సారు ఇంకెక్కడికి పోతడమ్మా? పదేండ్లసంది గా గుట్ట దిక్కే పోతడు. మా గుర్రానికి గూడ ఎరికె."

గుర్రానికి కూడా తెలిసిన సంగతి నాకు అచ్చయ్యాక తెలిసింది. దారి పొడుగునా గతుకులే. నడుం నొప్పి ఉన్నవాళ్ళు దుప్పటి మడిచి కిందేసుకోండి. మా ఆయన కాడలు ఒత్తే చెక్క ప్రెస్సుని ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళికొడుకులా హుషారుగా కూర్చున్నారు.

గుట్ట కింద సాయమ్మ ముందే నిలబడి ఉంది. నేను మనసులో రకరకాలుగా ఊహించుకున్నాను. నా వయసే ఉంటుంది, నాకంటే సన్నం, నల్లటి మొహంలో కళ్ళు చురుగ్గా ఉన్నాయి. భుజం మీద గొంగడి, చేతిలో కొడవలి కట్టిన పొడుగాటి కర్ర. మా ఆయన టాంగా ఆగకముందే దిగి, "ఏం సాయమ్మా, మంచిగున్నవా? మేకలు మంచిగున్నయా?" అన్నారు. ఇంట్లో ఆ మనిషి అచ్చుపుస్తకంలా మాట్లాడతారు. ఆవిడ ఒక ముంతెడు మజ్జిగలో పచ్చిమిరపకాయ తుంచి వేసి ఆయనకిచ్చింది. మజ్జిగ పడిశం చేస్తుందని ఇంట్లో పద్నాలుగేళ్ళుగా ముట్టని ఆయన గటగటా తాగేశారు. నాకు కళ్ళలో కారం కొట్టినట్టయింది.

ఇక ఊరుకోలేకపోయాను. "నీ పేరు మీద మొక్క వచ్చింది కదా, ఎలా ఉంది నీకు?" అని అడిగాను.

సాయమ్మ నన్ను, ఆయన్ని మార్చి మార్చి చూసింది. "ఏం మొక్కనమ్మా? నాకెవ్వరు చెప్పలే."

మా ఆయన చేతిలో ప్రెస్సుని సర్దుకోవడం మొదలుపెట్టారు. మూడేళ్ళలో ఆ సంగతి ఆవిడకి చెప్పలేదట. అడిగితే, చెప్తే అర్థం కాదేమో అనుకున్నాను అన్నారు. ఆ క్షణం నేను సాయమ్మ తరఫున కూడా ఆయన మీద కోపగించుకున్నాను. ఆయన సిగ్గుపడుతూ నాలుగడుగులు వేసి, రాళ్ళ మధ్యనుంచి ఆ మొక్క కొమ్మ ఒకటి తుంచి తెచ్చారు. ఆకు నలిపితే కుళ్ళిన ఉల్లిపాయ వాసన.

"గీ మురుగాకుకా నా పేరు వెట్టింది?" అంది సాయమ్మ. "గిది మేకలు మూతి గూడ పెట్టవు సారు. గింతకన్న మంచిది దొరకలేదా?"

"లండన్‌లో పుస్తకాల్లో కూడా ఉంది సాయమ్మా. ఎప్పటికీ చెరగదు" అన్నారు మా ఆయన.

"చెరగకుంటే ఏమైతది? మా అత్తకు ఎరికే గీ ఆకు. ఆమె అత్తకు గూడ ఎరికే. మీరు నిన్న వచ్చి చూసి, గిప్పుడే పుట్టినట్టు పేరు వెడ్తిరి." కోపంగా అనలేదు. పల్లీల కారంతో రెండు జొన్నరొట్టెలు మా చేతిలో పెట్టి, మేకల వెనక నడిచింది. మూడేళ్ళుగా నేను కడుపులో నిప్పులు పోసుకున్నది దేనికోసమో, దాన్ని ఆవిడ అంత తేలిగ్గా పక్కన పెట్టేసింది. నాకు అసూయ తగ్గాలి కదా, తగ్గలేదు. ఉన్నది అక్కర్లేదనడానికి కూడా ముందు ఉండాలి కదా అనిపించింది.

గుట్ట ఎక్కడానికి గంట పట్టింది. చెప్పుల కంటే పాత బూట్లు నయం, ఎర్ర మొరం జారుతుంది. పైన, రాతి పగుళ్ళలో, నా మొక్క ఉంది. జానెడు ఎత్తు, ఆకు అడుగున వెండి నూగు, ఎండి గోధుమరంగుకి తిరిగిన సన్నటి కాయలు. అబద్ధమెందుకు, నేను దాని పక్కన కూర్చుని కాసేపు పలకరించినంత పని చేశాను. మేకలతో మాకంటే ముందే పైకి చేరిన సాయమ్మ వంగి చూసింది.

"దీనికి ఎవరి పేరు?"

"ఈవిడది" అన్నారు మా ఆయన.

"గిది మంచిది. పచ్చిగున్నప్పుడు మేకలు మస్తుగ తింటయి. గని అమ్మా, ఎండిన కాయ చేతితోని ముట్టకు. దురద వెడ్తది."

నా మొక్క గురించి ఆవిడ నాకు చెప్పడమేమిటి? మా ఆయన ఎప్పట్లాగే కత్తెరతో కత్తిరించి నేరుగా కాగితంలోకి జారవిడుస్తున్నారు. నేను మాత్రం రెండు చేతులా కాయలు తెంపాను, కొంగులో కూడా పోసుకున్నాను. సాయమ్మ చూసి, మేకల్ని అదిలించుకుంటూ పక్కకి వెళ్ళింది.

అయిదింటికి తాండూరులో తిరుగుబండి ఎక్కాం. ధారూరు దాటకముందే వేళ్ళ సందుల్లో మొదలైంది. ముందు చీమలు పాకినట్టు, తరవాత మంట. సాయమ్మ మాట నిజమైనందుకు ఉడుక్కుంటూ గోక్కున్నాను. గోక్కుంటూ ఉండగా, ఈ దురద నాకు కొత్త కాదని తట్టింది. సరిగ్గా వేళ్ళ సందుల్లోనే, ఇలాగే ఎర్రటి చుక్కలు. ఆరేడేళ్ళ క్రితం అనంతపురంలో పనిచేసే మా ఆయన స్నేహితుడు ఒక కట్ట పంపించాడు. అందులో రెండు అట్టలు కుట్టాక రెండు రోజులు చేతులు మజ్జిగలో ముంచుకుని కూర్చున్నాను. ఆ కాయ చివర చిన్న కొక్కెం ఉండేది. అది దారానికి తగులుకుని కుట్టు తెగిపోతుంటే విసుక్కోవడం కూడా గుర్తొచ్చింది. కొంగు ముడి విప్పి ఒక కాయని వెలుతురుకి పెట్టి చూశాను. చివర కొక్కెం ఉంది.

మా ఆయన మొక్కల్ని బతికుండగా చూస్తారు, నేను అవి చచ్చాక చూస్తాను. ఆ అనంతపురం మొక్కకి ఎవరో ఎప్పుడో పేరు పెట్టేశారు. అది అక్కడి గుట్టలు దాటి ఇటు రాదని పుస్తకంలో ఉంది, పుస్తకం చెప్పాక ఈయన బీరువా తియ్యరు. ఆయన ఎదురుగా కూర్చుని నోటుబుక్కులో నా మొక్క కాయని వర్ణిస్తున్నారు. పైన నా పేరు, లాటిన్ తోకతో, గీత గీసి మరీ రాసి ఉంది. వికారాబాద్‌లో టీ తాగాం. నేను నోరు విప్పలేదు. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? రేపు అచ్చవుతుంది, లండన్ వెళ్తుంది, నేను అందరికీ చూపించుకుంటాను. ఆయన నా మొహం చూసి, "సంతోషంగా ఉందా?" అని అడిగారు. పెళ్ళయ్యాక ఆయన అలా అడగడం అది రెండోసారో మూడోసారో.

నేను నిజం చెప్పడానికి కారణం ధర్మమూ కాదు, ఆయన పరువూ కాదు. ఏ పదేళ్ళకో ఎవడో ఒకడు ఈ రెండు మొక్కలూ ఒకటేనని రెండు వాక్యాలు రాస్తాడు, నా పేరు కొట్టేస్తారు. సాయమ్మ పేరు ఉంటుంది, నా పేరు మీద అడ్డగీత ఉంటుంది. అది నేను భరించలేను. శంకరపల్లి దగ్గర చెయ్యి చాపి ఎర్రచుక్కలు చూపించి, "ఏమండీ, ఇది కొత్తది కాదు. రెండో బీరువాలో అడుగు అరలో ఉంది" అన్నాను.

ఆయన నమ్మలేదు. మర్నాడు పొద్దున్న కాఫీ కూడా తాగకుండా అనంతపురం అట్ట తీసి, భూతద్దం పెట్టి, నీళ్ళలో నానబెట్టిన పువ్వులు పక్కపక్కన పెట్టుకుని గంటసేపు చూశారు. తరవాత నోటుబుక్కులో నా పేరున్న కాగితం చించారు. "అదే" అన్నారు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా. మొక్క ఏదో గుర్తుపట్టిన మనిషి, అట్ట మూల చిన్న చీటీ రాసి అతికించడం వాళ్ళ పద్ధతి. వానల్లో తాండూరు నుంచి ఆయన తెచ్చిన మొక్కని నేను కుట్టిన అట్టకి చీటీ రాసి, అలవాటు ప్రకారం కింద తన పేరు రాసుకున్నారు. నేను జిగురు సీసా ఇవ్వలేదు. "గుర్తుపట్టిందెవరండీ?" అన్నాను. ఆయన నా వేళ్ళ వైపు చూసి, ఆ చీటీ చించేసి, ఇంకోటి రాశారు. పద్నాలుగేళ్ళలో ఆ బీరువాలోకి నా పేరు వెళ్ళడం అదే మొదలు. జిగురు నేనే రాశాను, కాస్త ఎక్కువే రాశాను.

అసూయ తీరిందా అంటే, లేదు. ఆవిడ పేరు లండన్‌లో ఉంది, నాది మా ఇంటి బీరువాలో బొటనవేలంత కాగితం మీద ఉంది. కానీ ఆ గుట్ట మీద నాకు తెలియనిది ఆవిడకి తెలుసు, ఇద్దరికీ తెలిసింది మా ఆయనకి తెలియదు. అది తలుచుకున్నప్పుడు మాత్రం ఆవిడ మీద కోపం రాదు. ఈసారి ఆయన తాండూరు వెళ్తుంటే ఆవిడ కోసం నేనే కందిపొడి చేసి పంపాను.

మీరు వెళ్ళేట్టయితే ఒక్క సలహా. ఆ గుట్ట మీద సాయమ్మ ఏది ముట్టొద్దంటే అది ముట్టకండి. నేను వినలేదు. వినుంటే ఈపాటికి నా పేరు మీద ఒక మొక్క ఉండేది.